కుడితి తాగిన చేను

మనిషి పోతే పదిమంది వచ్చి కూర్చుంటారు. ఏడవకపోయినా పక్కన కూర్చుంటారు. చేను పోతే ఎవరూ రారు. మా చేను పోయింది. ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పాలనిపించి చెబుతున్నాను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని మా వీధిలో ఉండే బడి పంతులమ్మ గారు రాసిపెడుతున్నారు. ఆవిడ మధ్యలో ఆగి “ఇది కూడా రాయనా?” అంటారు. అన్నీ రాయమన్నాను.

మాది మండవల్లి దాటాక కొల్లేరు అంచున ఉన్న ఊరు. కాలవ కింద ఆఖరి చేలు మావి. పైనున్న వాళ్లందరి చేలూ తడిశాక, వాళ్ల గేదెలు కూడా తాగాక, ఏమైనా మిగిలితే ఆ నీరు మాకు. వానాకాలం సార్వాకి ఎలాగో వస్తుంది. వేసవి పంట దాళ్వాకి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నా పుట్టిల్లు అత్తిలి వైపు. అక్కడ తూము పలక ఎత్తితే నీళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి కాళ్ల మీద పడతాయి. నీళ్ల కోసం ఒకరిని బతిమాలాలని కాపురానికి వచ్చేదాకా నాకు తెలియదు.

మా చేను నలభై సెంట్లు. అది కూడా మంచి నేల కాదు. ఎండితే అరికాళ్లు కోసే పెళ్లలు, తడిస్తే జిగురు. నాగలి పెడితే ఎద్దులు వెనక్కి తిరిగి చూసేవని మా అత్తగారు అనేవారు. చుట్టూ ఉన్న చేలన్నీ ఒకదాని తరవాత ఒకటి చేపల చెరువులైపోయాయి. చెరువు తవ్విన మట్టంతా గట్లుగా లేచింది. మా చేలో నిలబడితే గిన్నె అడుగున నిలబడ్డట్టు ఉండేది. ఒకవైపు రోడ్డు, మూడువైపులా గట్లు. మాకు ఆనుకుని ఉన్న చెరువు ఒకాయనది. ఊరి వరసకు నాకు అన్నయ్య గారు. ఆయన చెరువు తవ్వుకునేటప్పుడు మా చేలో ఎక్కువైన నీరు పోవడానికి తన గట్టు కింద ఒక సిమెంటు గొట్టం పెట్టించారు. ఆ నీరు ఆయన చేపల్లోకి పోయేది. చేపలు ఏమీ అనేవి కావు.

మా ఆయన రోడ్డు మీదున్న బాయిల్డు రైసు మిల్లులో పనిచేసేవారు. అక్కడ ధాన్యాన్ని పెద్ద పెద్ద తొట్లలో వేడినీళ్లు పోసి నానబెడతారు. నానాక ఆ నీళ్లు వదిలేసి, ధాన్యానికి ఆవిరి పెట్టి ఎండబెట్టి ఆడిస్తారు. ఆయనది ఆ తొట్ల దగ్గర పని. వదిలేసిన నీళ్లు టీ డికాషన్ రంగులో పొగలు కక్కుతూ రోడ్డు పక్క బోదెలో పడి, మా చేను ముందు నుంచే పోయి, మురుగు కాలవలో కలిసి కొల్లేట్లోకి పోయేవి. ఆ వాసన గురించి చెప్పాలి. గంజి పులిసి, పులిసినది కుళ్లి, కుళ్లినది ఎండలో ఉడికితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ మలుపు రాగానే బస్సులో వాళ్లు ముక్కులు మూసుకునేవారు. నేను ఆ వాసనతోనే కాపురం చేశాను. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఇప్పుడు ఆ చొక్కాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వాసన పోయింది. పోతుందనుకోలేదు.

ఒకరోజు పొద్దున్న డ్యూటీ దిగి వచ్చి, మా గేదె కుడితి తాగుతుంటే గోలెం పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నారు. మా అత్తగారు తవుడు కలుపుతున్నారు.

“అమ్మా, ఈ కుడితిలో ఏముంటాయే?” అన్నారు.

“నీ తలకాయుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు, గుప్పెడు ఉప్పు. పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచీ చూత్తానే ఉన్నావు గదరా.”

“మా మిల్లు నీళ్లు కూడా అంతే గదా. ధాన్యం నానిన నీళ్లే. గేదెకి బలమిచ్చేది చేనుకి మాత్రం ఇవ్వదా?”

“పోసి చూడు. చేను పాలిచ్చిందంటే చెప్పు, చెంబట్టుకొత్తాను.”

నేను పొయ్యి దగ్గర నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే పార పట్టుకుని చేనుకు వెళ్లారు.

మొదటిసారి నీళ్లు తిన్నగా పెట్టేశారు. ఆ మూలనున్న వరి పసుపుపచ్చగా అయి, వేళ్లు నల్లబడి కుళ్లిపోయింది. ఊరంతా నవ్వింది. ఆయన మాత్రం, కుడితి కూడా గోలెంలో ఊరాలి కదా అన్నారు. బోదెకీ చేనుకీ మధ్య ఒక గుంట తవ్వి, నీళ్లు అందులోకి మళ్లించి నిలవబెట్టారు. బుడగలొచ్చి, తెట్టు కట్టి, అడుగున మడ్డి దిగింది. పులుపు విరగడానికి సున్నం కలిపారు. కాలవ నీళ్లు పోసి పలచన చేసి, తడికి ఇంత అని పెట్టారు. నారు లేతగా ఉన్నప్పుడు పెట్టకూడదని ఒక ఏడు, పొట్ట మీద ఉన్నప్పుడు పెట్టకూడదని ఇంకో ఏడు తెలుసుకున్నారు. అడుగున దిగిన మడ్డిని ఎండగట్టి, పెంటతో కలిపి చల్లేవారు. మిల్లు ఆసామిని అడిగితే, “పట్టుకుపోవయ్యా, వాసన అని నన్ను తిట్టేవాళ్లు కొంతైనా తగ్గుతారు” అన్నారట.

ఆ నేల మెత్తబడటం నేను నా చేతులతో చూశాను. కలుపు తీస్తుంటే అంతకుముందు గోళ్లు విరిగేవి. తరవాత తరవాత మొక్క పట్టుకుంటే వేళ్లతో సహా వచ్చేది. వానపాములు కనబడ్డాయి. మా చేలో వానపాములు! ఆయన ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, “ఇదిగో, మన ఇంటికి చుట్టాలొచ్చారు” అని చూపించారు. యూరియా కట్టలు తేవడం తగ్గింది. కొల్లేరు మట్టి బాగున్న చోట ఎలా ఉంటుందో, అలా పైన ఒక పొర నల్లగా తిరిగింది. ఆ ఏడు కోతలకు మా అత్తగారు నిజంగానే చెంబు పట్టుకుని చేనుకొచ్చారు.

“ఏదిరా, పితుకు,” అన్నారు.

ఆయన ఒక వెన్ను దూసి, గింజలు చెంబులో పోసి గలగలలాడించారు. నా పెళ్లిలో కూడా ఆయన అంత నవ్వు నవ్వలేదు.

ఆ తరవాత ఆయన ఎంతో కాలం లేరు. పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ గోలెం పక్కనే కూలబడ్డారు. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే అయిపోయింది. ఇంక దాని గురించి చెప్పను.

పెద్దకర్మ అయిన మర్నాడు నేను గుంట దగ్గరికి వెళ్లాను. మిల్లు నడుస్తూనే ఉంది. బోదెలో నీళ్లు వెచ్చగా వస్తూనే ఉన్నాయి. గుంట నిండి పొర్లుతోంది. ఎవరో ఒకరు మళ్లించాలి. ఆయన పార అక్కడే ఉంది. మళ్లించాను. కుళాయి దగ్గర ఆడవాళ్లు, “మొగుడు పోయాడు గానీ మురుగు పోలేదమ్మా ఈవిడకి” అన్నారు. నా మొహం మీదే అన్నారు. “అవునండీ, మిగిలింది అదే” అన్నాను. ఇంకేమంటాను. మా ఇంట్లో ఇద్దరం మిగిలాం. ఇద్దరమూ బొట్టు లేని వాళ్లమే. మా అత్తగారూ నేనూ ఒక గేదె. ఆ నలభై సెంట్లలో పండిన బియ్యమే మాకు తిండి. గడ్డి గేదెకు. నాకు ఆ చేను అంటే పంట ఒక్కటే కాదు. ఆయన చేత్తో తయారుచేసిన మట్టి అది. పిల్లలు లేరు మాకు. ఆ పైపొరే ఉంది.

ఆ ఏడు కాలవ నీళ్లు ఆలస్యమయ్యాయి. పైన ఏదో మరమ్మతు అన్నారు, వస్తాయన్నారు, ఇదిగో అదిగో అన్నారు. నేను అందరితో పాటు విత్తనాలు నానేసి, గోనెసంచిలో మండె కట్టేశాను. సంచిలో మొలకలొచ్చేశాయి. మొలకొచ్చిన విత్తనం ఆగదు. కడుపులో బిడ్డలాంటిదే, రోజులు నిండాక ఆగమంటే ఆగుతుందా? గుంటలో మిల్లు నీళ్లు నిండుగా ఉన్నాయి. దాళ్వా ధాన్యం మిల్లుకు కుప్పలుగా వచ్చి పడింది కాబట్టి ఆ రోజుల్లో తొట్లు ఖాళీ లేవు. కానీ పలచన చేయడానికి మంచినీళ్లు లేవు. తిన్నగా పెడితే మొలకలు మాడిపోతాయి.

అప్పుడే పక్క చెరువు పట్టుబడి అయింది. అంటే వలలు వేసి పెంచినదంతా పట్టేసి, చెరువు ఖాళీ చేస్తారు. మా ఊళ్లో చేపల చెరువు ఖాళీ చేసిన నీళ్లంటే చేలకు ప్రసాదం. చేపల పెంటా, మేతా అన్నీ అందులోనే ఉంటాయి. ఆ నీళ్ల కోసం రైతులు పోట్లాడుకున్న రోజులున్నాయి. కానీ అన్నయ్య గారు అంతకు ముందే చేపలు మానేసి రొయ్యలు వేశారు. వేసినప్పుడే మా గొట్టాన్ని సిమెంటు పెట్టి మూసేశారు. బయటి నీళ్లు వస్తే రొయ్యలకు జబ్బులొస్తాయట. అప్పుడు నేనది పెద్దగా పట్టించుకోలేదు.

ఆయన గట్టు మీద నుంచి పిలిచారు.

“చెల్లెమ్మా, ఇంజను పెట్టి చెరువు ఖాళీ చేత్తన్నాం. నారుమడి తడుపుకుంటావా? గొట్టం నీ వైపుకి వేయించమంటావా?”

“రొయ్యలకి ఉప్పునీళ్లు పెడతారంటారు కదండీ అన్నయ్య గారూ?”

“ఏదో కాస్త బోరు నీరు కలిపామమ్మా, అంతే. ఇది కొల్లేరు గానీ సముద్రం కాదు గదా! నీకు వద్దంటే అటు మురుక్కాలవలోకి వదిలేత్తాను. నాకేం, నీ మండె చూసి అడిగాను.”

ఆయన చెడు తలపెట్టి ఇవ్వలేదు. అది కూడా రాయమన్నాను. ఎండిపోయిన నారుమడి చూసి, నన్ను చూసి, జాలిపడి ఇచ్చారు.

నేను పక్కనే ఉన్న మా అత్తగారి వైపు చూశాను. ముందు కాస్త గుంటలోకి వదిలించి చూద్దామన్నారు. ఇంజను గొట్టం లోంచి నీళ్లు గుంటలో పడ్డాయి. మిల్లు నీళ్లతో కలిసి తిరిగాయి. ఆవిడ వంగి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నారు. మా వాళ్లు నీళ్లు చూడటం అంటే అదే. పులుపు ఎంత విరిగిందో, ఇంకా సున్నం వేయాలో వద్దో ఆయన కూడా నాలుకతోనే చూసేవారు.

“ఎలా ఉందండీ అత్తయ్య గారూ?”

“కాత్త ఉప్పగా ఉందే.”

“అయితే వద్దంటారా?”

“ఉంటే ఏమైందే? ఉప్పు వెయ్యనిదే గేదె కుడితిలో మూతి పెట్టదు. మీ ఆయన చెప్పనే చెప్పాడుగా, గేదెకెలాగో చేనుకీ అలాగే అని. ఇన్నేళ్లూ చేను చప్పిడి కుడితి తాగుతోంది పాపం. ఈ ఏడన్నా రుచిగా తాగనీ!”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన ఉంటే ఆ మాటకు ఎలా నవ్వేవారో అనుకుని కూడా నవ్వుకున్నాం. గండి తెగ్గొట్టి నారుమడికి పెట్టాను.

నారు బాగా లేచింది. అదే మా కర్మ. లేవకపోతే అక్కడితో ఆగేవాళ్లం. నవనవలాడుతూ లేచింది. కాలవ ఇంకా రాలేదు. చెరువులో అడుగునున్న నీళ్లు ఇంకా ఉన్నాయి. నాట్లకు దమ్ము చేయడానికి చేను మొత్తం ఆ నీళ్లే పెట్టాం. అడుగు నీళ్లు ఇంకా చిక్కన, ఇంకా బలం అనుకున్నాం. నారు ఊడ్చాక కాలవ వచ్చింది. వచ్చి ఏం లాభం? ఆకుల కొనలు తెల్లబడి, నిప్పు తగిలినట్టు చుట్టుకున్నాయి. రోజూ పొద్దున్నే వెళ్లేదాన్ని. ఒక్కో వరసా ఒరిగిపోతుండేది. వానలు కాస్త తెరిపి ఇచ్చాక చేను ఆరింది. దోసె పెనం మీద పిండి ఆరినట్టు నేల మీద తెల్లటి పెచ్చు కట్టింది. వానపాముల కోసం తవ్వి చూశాను. నేల పారను లోపలికి రానివ్వలేదు. నేను కాపురానికి వచ్చిన నాటి కంటే గట్టిగా ఉంది.

ఒక గడ్డను గుడ్డలో మూటగట్టుకుని బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ మట్టి చూసే చోటొకటి ఉంది. అందులో పనిచేసే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి అంతా విన్నది. గుంట గురించి, సున్నం గురించి, మడ్డి గురించి అడిగి అడిగి చెప్పించుకుంది.

“మిల్లు నీళ్ల వల్ల కాదమ్మా. మీ ఆయన గారు చేసింది మంచి పని. మేం కూడా అలాగే ఊరబెట్టి, పలచన చేసి పెట్టమంటాం. ఇది రొయ్యల చెరువు ఉప్పు.”

“మరి గేదెకి ఉప్పు వేస్తాం కదమ్మా? దానికేం కాదేం?”

ఆ అమ్మాయి నవ్వలేదు.

“గేదె తాగిన ఉప్పు చెమటలోనో మూత్రంలోనో బయటికి పోతుందమ్మా. చేనుకి కూడా పోయే దారి ఉండాలి. దారి లేకపోతే వేసిందంతా అందులోనే ఉండిపోతుంది. నేల బిగుసుకుపోతుంది, వేరు నీళ్లు తాగలేదు. జిప్సం వేయండి. తరవాత మంచినీళ్లు నిండా పెట్టి, నిలవబెట్టి, బయటికి తీసేయండి. అలా చాలాసార్లు చెయ్యాలి. మళ్లీ బాగవుతుంది.”

“ఎక్కడికి తీసెయ్యనమ్మా?”

“మురుగు బోదెలోకి వదిలేయండి.”

“మాకు మురుగు బోదె లేదమ్మా. రోడ్డు పక్క బోదె మా చేను కంటే ఎత్తు. ఒక గొట్టం ఉండేది. మూసేశారు.”

ఆ అమ్మాయి కలం కింద పెట్టి నా వైపు చూసింది. అక్కడెవరినైనా అడిగి చూడండి, ఏదో ఒక దారి చూపించకపోరు అంది. పాపం, తన దగ్గరున్నదంతా చెప్పింది. గుడ్డ తిరిగి మడతపెట్టి నా చేతికిచ్చింది.

వానలు బాగా పడి చేను నిండినప్పుడు అన్నయ్య గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చెరువు గట్టు మీద, మేత బస్తాల పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“ఆ గొట్టం ఒక్కసారి తెరవండి అన్నయ్య గారూ. చేను కడుక్కుంటాను.”

“ఎక్కడమ్మా తెరవడం? రొయ్య పిల్ల వేసి ఎన్ని రోజులైంది గనక! నీ కుడితి నీళ్లు నా రొయ్యల్లో పడితే ఒక్కటి మిగలదు.”

“ఆ ఉప్పు మీ చెరువుదే కదండీ. మీది మీకు ఇచ్చేస్తానంటున్నాను.”

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. తల వంచుకుని, “నా ఇల్లూ వాకిలీ దీని మీదే ఉందమ్మా” అన్నారు. ఆయన మాట అబద్ధం కాదు. ఆ ముందు ఏడు ఇంకొకాయన చెరువులో జబ్బు వచ్చి రొయ్యలన్నీ తెల్లగా తేలడం నేనూ చూశాను.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు లేచారు. గేదెల పాకలోకి వెళ్లి దూలానికి వేలాడుతున్న గూడ దింపారు. మా మామగారి నాటిది. రేకు గూడ, దానికి నాలుగు తాళ్లు. చెరో రెండు తాళ్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడి, ఊపుతూ ముంచి, ఎత్తి, పైనున్న బోదెలో పోస్తారు. ఇంజన్లు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంజను అద్దెకు తెచ్చే ఓపిక మాకు లేదు. ఎంత ఓపికున్నా, వాన రోజుల్లో ఇంజన్లన్నీ చెరువుల దగ్గరే.

“మీ వల్ల కాదండీ అత్తయ్య గారూ,” అన్నాను.

“నువ్వు పుట్టక ముందు ఈ గూడతో ఈ చేను తడిపానే నేను. తడపగా లేంది తోడలేనా?”

వానలో నిలబడి తోడాం. జిప్సం వేసిన చేను, వాన నీళ్లు, మా ఇద్దరి చేతులు. ఆవిడ తాళ్లు లాగితే గూడ సగమే లేచేది. మొదట్లో సగం నీళ్లు నా మీదే పడేవి. “అయ్యో, నిన్ను కాదే, బోదెని తడపాలి” అని ఆవిడే నవ్వేవారు. రోడ్డు మీద పోయే ఆటోలు ఆపి మరీ చూసేవారు. ఎవరో కుర్రాళ్లు ఫోను పట్టుకుని తీస్తుంటే మా అత్తగారు, “తియ్యండి నాయనా, సరిగ్గా తియ్యండి, కొంగు సర్దుకోనివ్వండి” అన్నారు. మేం తోడి పోసిన నీళ్లు మిల్లు నీళ్లు పోయే ఆ బోదెలోనే పడి కొల్లేట్లోకి పోయేవి. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు పగిలి, అందులోకి ఆ ఉప్పునీరు దిగేది. మంట పుడితే సంతోషంగా ఉండేది నాకు. ఉప్పు పోతోంది, చేతికి తెలుస్తోంది అనుకునేదాన్ని. ఒక వాన నీళ్లు తోడాక ఇంకో వాన పట్టేవాళ్లం. ఒక మూల నాలుగు తుంగ మొక్కలు లేచాయి. కలుపు చూసి అంత సంబరపడిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అలా తోడుతూ తోడుతూ ఒక తెరిపి రోజు పొద్దున్నే వెళ్లాం. ముందు రోజు చేను అడుగు కనబడేదాకా తోడి వచ్చాం. రాత్రి వాన లేదు. అయినా పక్క చెరువు గట్టు కింద పొడుగునా తడిగా ఉంది. అక్కడక్కడ నీళ్లు మడుగు కట్టి మెరుస్తున్నాయి. నాకు ఏమీ తోచలేదు. మా అత్తగారు వంగి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నారు. గట్టు వైపు చూశారు. గట్టుకు అవతల చెరువు, ఇన్ని వానలకీ నిండి, మా చేను కంటే ఎత్తుకు లేచి ఉంది.

“ఊట,” అన్నారు.

మేం పైనుంచి తోడుతుంటే అది కిందనుంచి ఊరుతోంది. మేం ఎన్ని వానలు తోడినా, ఆ చెరువు ఉన్నన్నాళ్లూ ఊరుతూనే ఉంటుంది. ఆవిడ చేతిలో తాళ్లు వదిలేశారు. కోపంగా విసరలేదు. అన్నం తిన్నాక కంచం కింద పెట్టినట్టు పెట్టారు.

ఇంటికొచ్చాక మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగారు. కాసేపటికి, “నా నాలికే ముంచిందే అమ్మాయ్” అన్నారు.

“మీ నాలిక ఏం చేసిందండీ? గట్టు లోంచి వచ్చేదాన్ని నాలిక ఆపుతుందా?”

“ఉప్పగా ఉందని తెలిసింది గదే నాకు. తెలిసే పొయ్యమన్నాను.”

“నవ్వింది నేనూ కదండీ. గండి కొట్టింది నేను.”

ఆవిడ వినలేదు. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు వద్దన్నారు. పచ్చట్లో వేలు పెట్టలేదు. చారు నీళ్లలా తాగేవారు. ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ జబ్బూ లేదు. “చప్పిడి తినడం ఏంటండీ, నోరు చచ్చిపోతుంది” అని నేను బతిమాలేదాన్ని. “చావనీ” అనేవారు. పక్కింటి వాళ్లు వచ్చి, “పెద్దావిడకి బీపీ అంటగా?” అని అడిగేవారు. అవునని చెప్పేదాన్ని. అంతకంటే ఏం చెప్పను? చేను కోసం ఉప్పు మానేసిందంటే ఎవరికి అర్థమవుతుంది? తిండి తగ్గిపోయింది. మనిషి తగ్గిపోయింది. మొన్నటి చలికాలంలో ఒక మధ్యాహ్నం పలకలేదు. నోట్లో తులసి తీర్థం పోస్తుంటే ఆ నాలుక నాకు కనబడింది. పాలిపోయి ఉంది.

గూడకు రెండోవైపు మనిషి లేదు ఇప్పుడు. ఉన్నా లాభం లేదని తెలుసు. అయినా తాళ్లు చూస్తే నా చేతులు ఆవిడ వైపు తాళ్ల మీదికే పోతాయి.

అన్నయ్య గారు వచ్చి అరుగు మీద కూర్చుని, మెల్లగా అన్నారు, “చెల్లెమ్మా, అది ఇంక చేను కాదమ్మా. నాకు కౌలుకివ్వు. చెరువులో కలిపేసుకుంటాను. నీ ముద్దకి లోటు రానివ్వను” అని. నేను ఒక వారం పాటు ఔననలేదు, కాదనలేదు. ఆ వారమంతా రోజూ వెళ్లి చేలో నిలబడేదాన్ని. గుంటలో మిల్లు నీళ్లు బుడగలు వేస్తూనే ఉన్నాయి. అంత బలం అందులో ఊరికే పులిసిపోతోంది. ఇచ్చుకోవడానికి పక్కన చేను లేదు. చివరికి సరేనన్నాను.

పొక్లెయిను వచ్చింది. నన్ను రావద్దన్నారు. వెళ్లాను. దాని తొట్టి మొదటిసారి నేలలో దిగి పైకి లేచినప్పుడు మట్టి కోసిన కేకు ముక్కలా నిలువుగా కనబడింది. పైన తెల్లటి పెచ్చు. దాని కింద జానెడు నల్లటి పొర. ఆ కింద అంతా పాత పసుపుపచ్చ జిగురు. ఆ జానెడే ఆయన. ఇన్నేళ్ల గుంట, సున్నం, మడ్డి, ఆ వాసన, అన్నీ కలిపి జానెడు. ఒక్క క్షణం అలా కనబడి, గట్టు మీద కుమ్మరించగానే అన్ని మట్టుల్లో కలిసిపోయింది. డ్రైవరు కిటికీ లోంచి తల పెట్టి, “పక్కకి జరగండమ్మా” అన్నాడు. జరిగాను. సాయంత్రానికి గుంట కూడా పూడ్చేశారు.

ఇప్పుడు అక్కడ చెరువు ఉంది. నా ముద్దకు నిజంగానే లోటు లేదు. మిల్లు నీళ్లు మళ్లీ మొదటిలాగే రోడ్డు పక్క బోదెలో పొగలు కక్కుతూ తిన్నగా మురుగు కాలవలోకి, అక్కడి నుంచి కొల్లేట్లోకి పోతున్నాయి. బస్సులో వాళ్లు ముక్కులు మూసుకుంటున్నారు. ఆసామికి మళ్లీ తిట్లు మొదలయ్యాయట. నేను ఆ దారిన వెళ్లడం తగ్గించాను.

గేదె ఉంది. దానికి రోజూ కుడితి కలపాలి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు. మా అత్తగారు పోయాక, ఉప్పు వెయ్యకుండా పెట్టి చూశాను. నాకు ఉప్పు డబ్బా మూత తియ్యబుద్ధి కాలేదు. గేదె గోలెంలో మూతి పెట్టి, తీసి, నా వైపు చూసింది. మర్నాడు కూడా అంతే. పాలు తగ్గిపోయాయి. మూడో రోజు కూడా అది ముట్టకుండా నిలబడితే, లోపలికెళ్లి గుప్పెడు ఉప్పు తెచ్చి వేశాను. తల ఎత్తకుండా తాగేసింది.